మీ కోడ్‌కు ‘పాల కేంద్రం’ పరీక్ష ఉందా?

తెల్లవారకముందే పలమనేరు, పుంగనూరు పక్క ఏ పల్లెకైనా వెళ్లి చూడండి. పాల కేంద్రం ముందు క్యాన్లు, బక్కెట్లు పట్టుకుని జనం వరుసలో ఉంటారు. ఎవరు తెచ్చిన పాలనైనా నేరుగా పెద్ద క్యాన్‌లో పోయనివ్వరు. ముందు కొంచెం తీసి ఫ్యాట్ ఎంత, ఎస్‌ఎన్‌ఎఫ్ ఎంత అని మిషన్‌లో చూస్తారు. సరిపోతేనే అందరి పాలలో కలుపుతారు. రోజూ పోసే మనిషే కదా, నమ్మకస్తుడే కదా అని పరీక్ష మానేయరు. ఒక్క చెంబు విరిగిన పాలు కలిస్తే క్యానంతా పోతుంది. అప్పుడు నష్టం ఆ ఒక్కరిది కాదు, వరుసలో ఉన్న అందరిదీ.

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇదే పనిని ఒక సర్వర్ చేస్తుంది. పదిమంది రాసిన కోడ్‌ను ఒకచోట కలిపేటప్పుడు ప్రతిసారీ దాన్ని పరీక్షించి బాగుందో లేదో చెబుతుంది. ఈ పద్ధతి పేరు కంటిన్యుయస్ ఇంటిగ్రేషన్, పొట్టిగా సీఐ. ఆ పని చేసే యంత్రమే బిల్డ్ సర్వర్. తిరుపతిలోనో, చిత్తూరులోనో బీటెక్, ఎంసీఏ, డిగ్రీ చివరి ఏడాది చదువుతూ ఉద్యోగం కోసం చూస్తున్న మీకు దీంతో పనేంటి అంటారా? చాలా ఉంది. పైగా దీన్ని ఒక పైథాన్ స్క్రిప్ట్‌తో మీ ల్యాప్‌టాప్‌లోనే ఏర్పాటు చేసుకోవచ్చు. ఫీజు కట్టాల్సిన పని లేదు.

లెక్క ఎక్కడ మారింది?

2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా, తగ్గించుకుంటామని ప్రకటించింది. ప్రభావం ప్రధానంగా మధ్య, పై స్థాయి ఉద్యోగులపైనే అని చెప్పినా క్యాంపస్‌ల్లోనూ గుబులు పుట్టింది. అంతకుముందే, 2024 అక్టోబరులో, గూగుల్ సీఈఓ సుందర్ పిచాయ్ ఒక మాట చెప్పారు. తమ సంస్థలో కొత్తగా వచ్చే కోడ్‌లో పావు వంతుకు పైగా ఏఐ తయారుచేస్తోందని, దాన్ని ఇంజినీర్లు పరిశీలించి ఆమోదిస్తున్నారని. ఇందులో మొదటి సగం విని చాలామంది భయపడ్డారు. రెండో సగాన్ని అంతగా పట్టించుకోలేదు.

ఉద్యోగం ఉన్నది ఆ రెండో సగంలోనే. కోడ్ రాయడం రోజురోజుకూ చవకవుతోంది. రాసింది సరైనదేనని నిరూపించడం మాత్రం చవక కాలేదు. కోడ్ ఎంత వేగంగా వచ్చిపడితే, పరీక్షించే ఏర్పాటు అంత గట్టిగా ఉండాలి. పాలు పోసేవాళ్లు పెరిగితే కేంద్రంలో మిషన్ తీసేస్తామా? ఇంకొకటి పెడతాం.

మన రాష్ట్రంలోనే చూడండి. 2025 జనవరి 30న ప్రభుత్వం ‘మన మిత్ర’ వాట్సాప్ గవర్నెన్స్‌ను 161 సేవలతో మొదలుపెట్టింది. తర్వాత సేవలు వందల్లో పెరిగాయి. కొత్త సేవ చేర్చడమంటే ఇప్పటికే నడుస్తున్నవాటి పక్కన కొత్త కోడ్ పెట్టడం. 162వ సేవ చేర్చేటప్పుడు 40వది ఆగిపోకూడదు. అలాగే తిరుమల 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలయ్యే ఉదయాన్ని ఊహించండి. దేశమంతా ఒకేసారి క్లిక్ చేస్తుంది. పరీక్షించని మార్పును ఆ ఉదయం ఎక్కించే ధైర్యం ఎవరికుంటుంది? ఇలాంటి వ్యవస్థలు ఎక్కడున్నా వాటి వెనుక ‘ఈ మార్పు కలపొచ్చా?’ అని రోజుకు ఎన్నోసార్లు అడిగి తేల్చే ఏర్పాటు ఒకటి కావాల్సిందే.

శంషాబాద్‌లో చేతిరాత పాసులు

ఆ ఏర్పాటు తడబడితే ఏమవుతుందో 2024 జులై 19న ప్రపంచమంతా చూసింది. సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక చిన్న అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. విమానాలు రద్దయ్యాయి. ఆసుపత్రులు, బ్యాంకులు ఇబ్బంది పడ్డాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ఇచ్చిన చేతిరాత బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది.

అందులో దాడి లేదు, హ్యాకర్ లేడు. సంస్థ తర్వాత విడుదల చేసిన విశ్లేషణ చదివితే మనలాంటివాళ్లు చేసే పొరపాటే కనిపిస్తుంది. ఒక భాగం 21 విలువలు వస్తాయని నిర్వచించుకుంది. వాటిని అందుకునే కోడ్ దగ్గర ఉన్నవి 20 మాత్రమే. 21వది చదవబోయి లేని చోటులోకి చెయ్యి పెట్టింది. కంప్యూటర్ కూలబడింది. పైథాన్ ల్యాబ్‌లో లిస్ట్ ఇండెక్స్ దాటిపోయి మీకు వచ్చే ఎర్రర్‌కు ఇది పెద్దన్న అనుకోండి.

మరి పరీక్షలు లేవా? ఉన్నాయి. అసలు చూడాల్సింది ఇక్కడే. ఆ పరీక్షల్లో 21వ విలువ స్థానంలో ‘ఏదైనా ఫర్వాలేదు’ అనే గుర్తు పెట్టారు. కాబట్టి ఆ విలువను నిజంగా చదివే సందర్భం పరీక్షల్లో రానే లేదు. అప్‌డేట్‌ను తనిఖీ చేసే ప్రోగ్రామ్ కూడా దాన్ని సరేనంది. పైగా ఆ అప్‌డేట్‌ను ముందు కొద్దిమందికి పంపి, చూసి, ఆ తర్వాత మిగతావారికి పంపే దశలవారీ పద్ధతి పాటించలేదు.

ఇంకాస్త వెనక్కి వెళ్తే 2012 ఆగస్టు 1. అమెరికా షేర్ మార్కెట్‌లోని నైట్ క్యాపిటల్ సంస్థ కొత్త కోడ్‌ను 8 సర్వర్లలో ఎక్కించాలి. ఆ పని చేసినవారు ఒక సర్వర్‌ను వదిలేశారు. ఆ ఒక్కదానిలో పాత కోడ్ లేచి తప్పుడు ఆర్డర్లు పెట్టింది. సుమారు 45 నిమిషాల్లో నష్టం 44 కోట్ల డాలర్లకు పైనే.

రెండు కథల నీతి ఒకటి కాదు. రెండోది చెప్పేది: మనిషి చేత్తో చేసే పనిలో ఏదో ఒకరోజు ఒకటి మరిచిపోతాడు, కాబట్టి ఆ పని యంత్రానికి అప్పగించండి. మొదటిది చెప్పేది: యంత్రం ఆకుపచ్చ లైటు వేసిందంటే, మీరు అడిగిన ప్రశ్నకే అది జవాబు చెప్పిందని అర్థం. అడగని ప్రశ్నకు ఎవరూ హామీ ఇవ్వరు. బిల్డ్ సర్వర్ నేర్చుకునేటప్పుడు ఈ రెండూ కలిపి పట్టుకోవాలి.

మామిడి తూకంతో మొదలుపెడదాం

ఇక చేతుల్లోకి వద్దాం. 2025 సీజన్‌లో తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు, గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, తాను మరో 4 రూపాయలు కలిపి రైతుకు మొత్తం 12 రూపాయలు అందేలా చూడాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో మీలో చాలామంది ఇళ్లలో ఆ లెక్క వేసుకునే ఉంటారు.

దాన్నే మినీ ప్రాజెక్టుగా తీసుకున్నారనుకోండి. బరువు కొడితే ఫ్యాక్టరీ నుంచి ఎంత, ప్రభుత్వం నుంచి ఎంత రావాలో చెప్పే చిన్న యాప్. వెయ్యి కిలోలకు 8,000, 4,000. మీ టీమ్‌లో నలుగురు. ఒక రాత్రి మీ ఫ్రెండ్ బరువును టన్నుల్లో కూడా కొట్టేలా మార్చాడు. మంచి మార్పే. కానీ మార్చేటప్పుడు అంకెను పూర్ణసంఖ్య చేసే ఒక ఫంక్షన్ వాడేశాడు. 7.35 టన్నులు కొడితే 7 టన్నులకే లెక్క వచ్చింది. తెరపై ఎర్రర్ లేదు. రంగులు బాగున్నాయి, బటన్లు పనిచేస్తున్నాయి. రైతుకు మాత్రం 350 కిలోల డబ్బు, అంటే 4,200 రూపాయలు, తగ్గింది.

దీన్ని ఎవరు పట్టుకుంటారు? తెల్లారి వైవాలో సార్ పట్టుకోవచ్చు. లేదా ఎవరూ పట్టుకోకపోవచ్చు. పైటెస్ట్‌తో మూడు వరుసల టెస్ట్ ఒకటి ముందే రాసి ఉంటే? 7.35 టన్నులకు ఫ్యాక్టరీ వాటా 58,800, ప్రభుత్వ వాటా 29,400, మొత్తం 88,200 రావాలి. రాకపోతే ఫెయిల్. టెస్ట్ అంటే ఇంతే. అయితే టెస్ట్ రాసినంత మాత్రాన సరిపోదు. రాత్రి పన్నెండింటికి కోడ్ మార్చిన ఫ్రెండ్ దాన్ని ఆడించాలి కదా. బద్ధకించి ఆడించడు. ఆ బద్ధకానికి మందు బిల్డ్ సర్వర్. ఎవరు కోడ్ పంపినా తనంతట తానే టెస్టులు ఆడిస్తుంది.

నాలుగు ప్రశ్నలు, ఒక పైథాన్ ఫైలు

ఈ ఆలోచన కొత్తదేం కాదు. మార్టిన్ ఫౌలర్ కంటిన్యుయస్ ఇంటిగ్రేషన్ మీద వ్యాసం రాసింది 2000లో. ఆ తర్వాత క్రూయిజ్ కంట్రోల్ అనే సాధనం వచ్చింది. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేస్తూ కొహ్సుకె కవాగుచి రాసిన హడ్సన్, పేరు వివాదం వచ్చాక 2011లో జెంకిన్స్ అయింది. జెంకిన్స్ జావాలో రాసింది. పైథాన్ వచ్చినవాళ్లకు సులువుగా లోపల చూడగలిగేది ఇంకొకటుంది: బిల్డ్‌బాట్. అది పైథాన్‌లోనే రాసింది, దాన్ని కాన్ఫిగర్ చేసే ఫైలు కూడా మామూలు పైథాన్ స్క్రిప్టే. మీరు ల్యాబ్‌లో వాడే పైథాన్ భాషను తయారుచేసేవాళ్లు కూడా తమ కోడ్‌ను రకరకాల కంప్యూటర్లు, ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద పరీక్షించడానికి బిల్డ్‌బాట్‌నే వాడతారు. ఆ యంత్రాల్లో చాలావరకు వాలంటీర్లు సమకూర్చినవే.

ఉబుంటు ఉన్న ల్యాప్‌టాప్, లేదా విండోస్‌లో డబ్ల్యూఎస్‌ఎల్ ఉంటే చాలు. ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తెరిచి పిప్‌తో బిల్డ్‌బాట్, దాని వెబ్ ప్యాకేజీలు, బిల్డ్‌బాట్ వర్కర్ ఇన్‌స్టాల్ చేసుకోండి. ‘క్రియేట్ మాస్టర్’ ఆదేశం ఇస్తే ఒక ఫోల్డర్ తయారై, అందులో నమూనా కాన్ఫిగరేషన్ ఫైలు కనిపిస్తుంది. చివర ఉన్న ‘శాంపిల్’ అనే మాట తీసేసి ‘మాస్టర్ డాట్ సీఎఫ్‌జీ’ అని పేరు మార్చండి. తెరిచి చూస్తే అందులో ఉన్నది ఒక డిక్షనరీ. పైథాన్ మొదటి నెలలో నేర్చుకున్న అదే డిక్షనరీ. దాని కీలన్నీ నాలుగు ప్రశ్నలకు జవాబులు.

ఒకటి, ఎక్కడ ఆడాలి? ఇది ‘వర్కర్స్’ కీ. పరీక్షలను నిజంగా నడిపే యంత్రాల పేర్లు ఇక్కడ రాస్తారు. మాస్టర్ పని చెబుతుంది, వర్కర్ చేస్తుంది. మొదట్లో రెండూ మీ ల్యాప్‌టాప్‌లోనే ఉండొచ్చు. నమూనా ఫైలులో మాస్టర్, వర్కర్ మాట్లాడుకునే పోర్టు 9989.

రెండు, ఎప్పుడు ఆడాలి? గిట్ రిపోజిటరీలో మార్పు వచ్చిందా అని అప్పుడప్పుడూ తొంగిచూసే భాగం ‘గిట్ పోలర్’. నమూనాలో 300 సెకన్లకోసారి చూసేలా ఉంటుంది. మార్పు కనిపిస్తే ఏ బిల్డ్ మొదలుపెట్టాలో చెప్పేది ‘షెడ్యూలర్’. చేత్తో బటన్ నొక్కి ఆడించుకోవడానికి ‘ఫోర్స్ షెడ్యూలర్’ వేరేగా ఉంటుంది.

మూడు, ఏం ఆడాలి? ఇది ‘బిల్డర్స్’ కీ. ఇక్కడే అడుగుల వరుస రాస్తారు. కోడ్ తెచ్చుకో, కావాల్సిన లైబ్రరీలు ఎక్కించుకో, పైటెస్ట్ నడుపు. మన మామిడి యాప్‌కు ఈ మూడు అడుగులు చాలు.

నాలుగు, ఎవరికి చెప్పాలి? ఫలితాన్ని మెయిల్‌లోనో, గిట్‌హబ్‌లో ఆ మార్పు పక్కనో చూపించే ‘రిపోర్టర్’లు ఉంటాయి. ఏదీ పెట్టకపోయినా 8010 పోర్టులో వెబ్ పేజీ తెరిస్తే ఆకుపచ్చ, ఎరుపు రంగుల్లో కనిపిస్తుంది.

ఫైలు రాశాక వెంటనే సర్వర్ లేపొద్దు. ‘చెక్ కాన్ఫిగ్’ అనే ఆదేశం ఉంది. స్క్రిప్ట్‌లో తప్పుంటే అదే చెప్పేస్తుంది. నడుస్తున్న సర్వర్‌కు మార్పులు ఎక్కించడానికి ‘రీకాన్ఫిగ్’. పరీక్షించే సర్వర్ స్క్రిప్ట్‌ను కూడా పరీక్షించకుండా ఎక్కించకూడదన్న మర్యాద ఇది.

స్క్రిప్ట్ కావడం వల్ల లాభమేంటి?

మీ యాప్ పైథాన్ 3.11, 3.12, 3.13 మూడింటిలోనూ నడవాలి. మౌస్‌తో క్లిక్ చేసుకుంటూ పెట్టాలంటే ఒకే పని మూడుసార్లు. ఒకచోట మరిచిపోతే నైట్ క్యాపిటల్ కథే. స్క్రిప్ట్‌లో అయితే వెర్షన్ల లిస్ట్ ఒకటి రాసి, ఫర్ లూప్ తిప్పితే మూడు బిల్డర్లు తయారు. రేపు కొత్త వెర్షన్ వస్తే లిస్ట్‌లో ఒక్క మాట చేర్చండి. అంతే.

రెండో లాభం ఇంకా పెద్దది. కాన్ఫిగరేషన్ ఒక ఫైలు కాబట్టి దాన్నీ గిట్‌లో పెట్టొచ్చు. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో తెలుస్తుంది. ల్యాప్‌టాప్ పాడైతే కొత్తదాంట్లో అదే ఫైలుతో మళ్లీ లేపుకోవచ్చు. కంపెనీల్లో దీన్ని ‘కాన్ఫిగరేషన్ యాజ్ కోడ్’ అంటారు.

అయితే ఒక జాగ్రత్త. పూర్తి పైథాన్ చేతిలో ఉంది కదా అని ఆ ఫైలులో క్లాసులు, ఫంక్షన్లు గుట్టలుగా పోయకండి. ఆరు నెలల తర్వాత చదివితే మీకే అర్థం కావాలి.

అబద్ధపు ఆకుపచ్చ

కొత్తవాళ్లు పడే గొయ్యి ఒకటి చెబుతాను. బిల్డ్ సర్వర్ మీ ప్రోగ్రామ్ తెరపై ఏం ముద్రించిందో చదివి అర్థం చేసుకోదు. ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇచ్చే ఎగ్జిట్ కోడ్ చూస్తుంది. సున్నా అయితే పాస్, ఇంకేదైనా అయితే ఫెయిల్.

ఇప్పుడు మనలో చాలామంది అలవాటు గుర్తుచేసుకోండి. ట్రై, ఎక్సెప్ట్ పెట్టి, ఏ తప్పొచ్చినా ‘ఎర్రర్ వచ్చింది’ అని ప్రింట్ చేసి వదిలేస్తాం. ప్రోగ్రామ్ మర్యాదగా సున్నాతో ముగుస్తుంది. సర్వర్ ఆకుపచ్చ వేస్తుంది. లాగ్‌లో ఎర్రర్ అని పెద్ద అక్షరాల్లో ఉన్నా సరే! తప్పు జరిగితే ఎగ్జిట్ కోడ్ ఒకటి ఇచ్చి ముగించడం నేర్చుకోండి. పైటెస్ట్ ఈ పని తనే చేస్తుంది.

ఇంకొకటి. బిల్డ్‌బాట్‌లో మామూలు షెల్ అడుగు ఒకటి ఫెయిలైతే బిల్డ్ ఎరుపవుతుంది గానీ, మీరు ‘హాల్ట్ ఆన్ ఫెయిల్యూర్’ను ట్రూ అని పెట్టకపోతే తర్వాతి అడుగులు ఆగవు. అంటే టెస్ట్ ఫెయిలైనా, ఆ తర్వాత సర్వర్‌లోకి ఎక్కించే అడుగు ఉంటే అది నడిచిపోతుంది. పాలు విరిగాయని చీటీలో రాసి, పాలను మాత్రం క్యాన్‌లో పోసినట్టు.

తాళాల గుత్తి ఎవరి దగ్గర?

కోడ్‌ను కస్టమర్ దాకా పంపాలంటే బిల్డ్ సర్వర్ దగ్గర పాస్‌వర్డులు, టోకెన్లు ఉండాలి. ఇంటి తాళాలన్నీ ఒకే గుత్తికి ఉన్నట్టు. దొంగలకు ఆ సంగతి తెలుసు. 2020 డిసెంబరులో బయటపడిన సోలార్‌విండ్స్ దాడిలో దుండగులు కోడ్ నిల్వ ఉన్న చోటును కాదు, కోడ్ తయారయ్యే చోటును పట్టుకున్నారు. బిల్డ్ జరిగే సమయంలో ఒక ఫైలును మార్చేశారు. సంస్థ అధికారిక సంతకంతో వెళ్లిన ఆ అప్‌డేట్ సుమారు 18 వేల సంస్థలకు చేరింది.

2025 మార్చిలో ఇంకోటి. గిట్‌హబ్‌లో 23 వేలకు పైగా రిపోజిటరీలు వాడుతున్న ‘టీజే యాక్షన్స్’ అనే రెడీమేడ్ ముక్కలో ఎవరో హానికరమైన కోడ్ చొప్పించారు. దాన్ని వాడిన బిల్డుల్లో రహస్య టోకెన్లు లాగ్‌లోకి వచ్చి పడ్డాయి. ఆ లాగ్ పబ్లిక్ అయితే ఎవరైనా చదవొచ్చు. ‘ఫలానా వెర్షన్’ అనే పేరుతో ఆ ముక్కను పిలుచుకున్నవారు చిక్కుకున్నారు. ఎందుకంటే ఆ పేరును వేరే కోడ్ వైపు తిప్పేయవచ్చు. మార్పుకు ఉండే పొడవాటి హ్యాష్‌తో ముందే కట్టేసుకున్నవారికి ఆ ఇబ్బంది తక్కువ.

మీ చిన్న సర్వర్‌కూ ఇవే నియమాలు. బిల్డ్‌బాట్ నమూనా ఫైలులో వర్కర్ పాస్‌వర్డ్ ‘పాస్’ అనే ఉంటుంది. ముందు దాన్ని మార్చండి. పాస్‌వర్డులు స్క్రిప్ట్‌లో రాసి గిట్‌లోకి తోయకండి. విడిగా ఒక ఫైలులోనో, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లోనో పెట్టి స్క్రిప్ట్ చేత చదివించండి. 8010 పోర్టును హాస్టల్ వైఫైకి, ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టకండి. ముక్కూమొహం తెలియనివాళ్లు పంపిన కోడ్‌ను మీ సొంత యంత్రం మీద ఆడించకండి. బిల్డ్ సర్వర్ అంటే ఇతరుల కోడ్‌ను మన కంప్యూటర్‌లో నడపడమేనని మరవొద్దు.

ఉద్యోగానికి ఎంతవరకు పనికొస్తుంది?

నిజం మాట్లాడుకుందాం. జాబ్ నోటిఫికేషన్లలో బిల్డ్‌బాట్ పేరు అరుదు. ఎక్కువగా కనిపించేవి జెంకిన్స్, గిట్‌హబ్ యాక్షన్స్, గిట్‌ల్యాబ్ సీఐ. మరి బిల్డ్‌బాట్ ఎందుకు? దాన్లో అన్నీ మీకు వచ్చిన భాషలోనే కళ్ల ముందు కనిపిస్తాయి కాబట్టి. ఆ నాలుగు ప్రశ్నలు ఒకసారి ఒంటబడితే మిగతావన్నీ యాస మారిన అదే మాట. బిల్డ్‌బాట్‌లో వర్కర్, జెంకిన్స్‌లో ఏజెంట్, గిట్‌హబ్‌లో రన్నర్. ఇక్కడ షెడ్యూలర్, అక్కడ ట్రిగ్గర్. ఇక్కడ పైథాన్, జెంకిన్స్‌లో గ్రూవీ, గిట్‌హబ్‌లో యామల్ ఫైలు.

అలాగే ‘మూడు నెలల్లో డెవాప్స్, ఆ వెంటనే లక్షల జీతం’ అన్న బోర్డులు చూసి అప్పు చేసి ఫీజు కట్టకండి. డెవాప్స్ అనేది సాధారణంగా కొంత అనుభవం ఉన్నవారికి ఇచ్చే బాధ్యత. కోర్సు చేసినంత మాత్రాన ఫ్రెషర్‌కు నేరుగా తాళాల గుత్తి చేతికివ్వరు. కానీ జూనియర్ డెవలపర్, ఆటోమేషన్ టెస్టింగ్, సపోర్ట్ ఇంజినీర్, బిల్డ్ అండ్ రిలీజ్ లాంటి మొదటి మెట్టు ఉద్యోగాల్లో ఈ అలవాటు ఉన్నవాళ్లు వేరుగా కనిపిస్తారు.

ఎలా కనిపిస్తారో ఒక చిన్న సన్నివేశం. చెన్నైలోనో, బెంగళూరులోనో ఇంటర్వ్యూ. మీ ప్రాజెక్ట్ చూసి అడుగుతారు: ‘ఇది కరెక్ట్‌గా పనిచేస్తుందని నీకెలా తెలుసు?’ ఎక్కువమంది చెప్పే జవాబు: ‘నా ల్యాప్‌టాప్‌లో బాగానే వచ్చింది సార్.’ ఆ మాటతో సంభాషణ అయిపోతుంది. డబ్బులిచ్చి సెంటర్‌లో కొన్న ప్రాజెక్టయితే మొదలే కాదు. అదే మీరు, ‘ప్రతి మార్పుకూ 14 టెస్టులు మూడు పైథాన్ వెర్షన్ల మీద ఆడతాయి సార్. ఒకసారి టన్నుల లెక్కలో దశాంశం పోయింది, బిల్డ్ ఎరుపైంది, ఇదిగో ఆ మార్పు, ఇదిగో సరిచేసింది’ అని చూపిస్తే? తర్వాతి ప్రశ్న మీరు చేసిన పని మీదే వస్తుంది. తెలిసినదాని మీద మాట్లాడటానికి భయమెందుకు?

చాలామంది గిట్‌హబ్ ప్రొఫైల్‌లో ఎరుపు బిల్డులు కనిపిస్తే పరువు పోతుందనుకుంటారు. అవి తీసేయకండి. ఎరుపై, ఆ వెంటనే సరిదిద్దిన చరిత్ర ఉన్న ప్రాజెక్ట్ నిజంగా మీరు చేసిందని చెప్పే సాక్ష్యం అదే. కొన్న ప్రాజెక్టులో ఆ చరిత్ర ఉండదు.

రెండు వారాల ప్రణాళిక

మొదటి మూడు రోజులు: మీ పాత ప్రాజెక్ట్ ఏదైనా తీసుకుని గిట్‌లో పెట్టండి. డబ్బు, మార్కులు, తేదీలు లెక్కించే ఒక ఫంక్షన్ ఎంచుకుని పైటెస్ట్‌తో ఐదు టెస్టులు రాయండి. అందులో రెండైనా చెత్త విలువలవి కావాలి: ఖాళీ, సున్నా, మైనస్ బరువు, అంకె ఉండాల్సిన చోట పేరు. క్రౌడ్‌స్ట్రైక్‌లో 21వ విలువను గుర్తుంచుకోండి. ‘ఏదైనా ఫర్వాలేదు’ అని వదిలేసిన చోటు మీ కోడ్‌లో ఎక్కడుందో వెతకండి.

నాలుగు నుంచి ఎనిమిది రోజులు: బిల్డ్‌బాట్ ఇన్‌స్టాల్ చేసి నాలుగు ప్రశ్నలకు జవాబులతో స్క్రిప్ట్ రాయండి. కావాలనే కోడ్‌లో ఒక తప్పు పెట్టి పంపండి. ఎరుపు రావాలి. రాకపోతే మీ సర్వర్ అలంకారమే. తప్పు పట్టుకోగలదని ఒకసారైనా చూడనిదే ఏ పరీక్షనూ నమ్మొద్దు.

తొమ్మిది నుంచి పన్నెండు రోజులు: అదే పనిని గిట్‌హబ్ యాక్షన్స్‌లో చేయండి. పబ్లిక్ రిపోజిటరీలకు గిట్‌హబ్ ఇచ్చే మామూలు రన్నర్లు ఉచితం. ల్యాప్‌టాప్ పాతదైనా ఇబ్బంది లేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏ మాటకు ఏ మాట సమానమో ఒక పేజీలో రాసుకోండి. ఇంటర్వ్యూకు ముందు చదువుకోవడానికి అంతకుమించిన నోట్స్ బయట దొరకదు.

చివరి రెండు రోజులు: రీడ్‌మీ రాయండి. ఏం పరీక్షిస్తున్నాం, ఏం పరీక్షించడం లేదు, రెండూ రాయండి. రెండోది రాయడానికి మొహమాటపడొద్దు. ‘నెట్ లేనప్పుడు ఏమవుతుందో ఇంకా పరీక్షించలేదు’ అని రాసుకున్న విద్యార్థికి తన కోడ్ హద్దులు తెలుసని ఇంటర్వ్యూ చేసేవారు గ్రహిస్తారు.

ఏఐ సాయం తీసుకోవద్దా? తీసుకోండి. కాన్ఫిగరేషన్ స్క్రిప్ట్‌ను అది నిమిషంలో రాసిస్తుంది. కానీ టెస్టుల్లో రావాల్సిన జవాబును మాత్రం కాగితం మీద మీరే లెక్కేయండి. కోడ్ రాసినవారే, అది మనిషైనా యంత్రమైనా, జవాబు కూడా తామే చెబితే తప్పు రెండుచోట్లా ఒకేలా ఉండే ప్రమాదం ఉంది. పాలు తెచ్చినవాళ్లే ఫ్యాట్ అంకె చెబితే కేంద్రంలో ఒప్పుకుంటారా?

ఈ రాత్రికే పాత ప్రాజెక్ట్ ఒకటి తెరిచి ఒకే ఒక్క టెస్ట్ రాసి చూడండి. ఫెయిలైతే దిగులు పడకండి. ఇంటర్వ్యూ బోర్డు ముందు కాకుండా మీ గదిలోనే ఫెయిలైంది. సరిదిద్దుకోవడానికి మీకింకా టైముంది.